సెయింట్ ట్రోపే పాపం బార్డోది కాదు

ఫ్రాన్సు మధ్యధరా తీరంలోని సెయింట్ ట్రోపే గురించి ఎవరు రాసినా అదే కథ రాస్తారు. ఒకప్పుడు అది జాలర్ల ఊరు, చిత్రకారుల మకాం. 1956లో దర్శకుడు రోజే వాదిమ్ అక్కడ సినిమా తీశాడు. బ్రిజిత్ బార్డో ఒట్టి కాళ్లతో తెర మీద నాట్యమాడింది. అంతే, ఊరు చెడిపోయింది. అప్పటి నుంచి కోటీశ్వరుల ఓడలు, తారల ఫొటోలు, కాఫీ కప్పుకు కళ్లు తిరిగే ధరలు. అమాయకమైన పల్లె, ఒక అందగత్తె, ఒక పతనం: పురాణానికి కావలసిన సరంజామా అంతా ఉంది కాబట్టే డెబ్బై ఏళ్లుగా ఈ కథ నిలిచి ఉంది.

నాకు ఈ కథ మీద నమ్మకం లేదు. ఆ ఊరిని మొదట బజారున పెట్టింది దాన్ని ప్రేమించిన చిత్రకారులే. బార్డో వచ్చేసరికి బేరం ఎప్పుడో కుదిరిపోయింది. ఇక ఇప్పటికీ అక్కడ చూడదగినది ఏదైనా మిగిలి ఉందంటే, ఆ పుణ్యం కళాభిమానానిది కాదు. ఒక దానపత్రానిది, ఒకటి రెండు చట్టాలది.

చిత్రకారుడు పాల్ సిన్యాక్ సంగతి చూడండి. స్నేహితుడూ తోటి చిత్రకారుడూ అయిన స్యూరా 31 ఏళ్లకే చనిపోయిన మరుసటి సంవత్సరం, 1892లో, తన సొంత తెరచాప పడవలో ఆ రేవుకు చేరాడు. పడవ పేరు ఒలింపియా. మానే గీసిన చిత్రం పేరే దానికి పెట్టుకున్నాడు. పారిస్‌లో పుట్టి పెరిగిన మనిషి, చేతిలో డబ్బుంది. 1897లో ‘లా యూన్’ అనే ఇల్లు కొన్నాడు. పట్నం నుంచి వచ్చి, వెలుతురు చూసి మురిసి, ఇల్లు కొని, తరువాత మిత్రులను పిలవడం. ఈ రోజుల్లో దీన్ని మనం ఏమంటాం? రెండో ఇల్లు కొనడం అంటాం. సెయింట్ ట్రోపేలో ఆ సంప్రదాయానికి ఆద్యులలో ఒకడు విలాసపురుషుడు కాడు, చుక్కలతో సముద్రాన్ని గీసిన చిత్రకారుడు.

మిత్రులు వచ్చారు. 1904 వేసవిలో హెన్రీ మతీస్ వచ్చాడు. అప్పటికి అతడికి పేరూ లేదు, డబ్బూ లేదు. ఆ వేసవిని మనసులో పెట్టుకుని పారిస్ వెళ్లి, ఆ చలికాలంలో ఒక పెద్ద చిత్రం గీశాడు. ఆ చిత్రాన్ని ఒకసారి తీరిగ్గా చూడండి. సముద్రపు ఒడ్డు. ఇసుక మీద పరిచిన దుప్పటి, దాని మీద టీ సామగ్రి. పక్కన లాగి పెట్టిన పడవ. చుట్టూ, దాదాపు అందరూ నగ్నంగా, ఏ పనీ లేకుండా, ఏ తొందరా లేకుండా స్త్రీలు. ఒకరు జుట్టు ఆరబెట్టుకుంటున్నారు, ఒకరు పడుకున్నారు. దాని పేరు ‘లక్స్, కాల్మ్ ఎ వొలుప్తే’. బోద్‌లేర్ కవితలోంచి తీసుకున్న మాటలు. విలాసం, ప్రశాంతి, భోగం అని అర్థం. మొదటి మాటే విలాసం! అక్కడ బీచ్ క్లబ్బు అనేది పుట్టడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు ఉండగానే దాని నమూనా కాన్వాసు మీదికి ఎక్కేసింది. ఒడ్డు, ఫలహారం, పడవ, బట్టల బరువు లేని విశ్రాంతి. కింద ధరల పట్టీ ఒక్కటే తక్కువ. ఆ చిత్రాన్ని కొన్నది ఎవరో కాదు, సిన్యాకే. లా యూన్‌లో గోడకు తగిలించుకున్నాడు.

ఇందులో కుట్ర ఉందని అనడం లేదు. సిన్యాక్ అరాచకవాద భావాలున్నవాడు, ధనికుల కోసం ఊరిని సిద్ధం చేయాలని కలలో కూడా అనుకుని ఉండడు. కానీ చిత్రం పని చేసే తీరు వేరు. చాలా కాన్వాసుల పేర్లలో ‘సెయింట్ ట్రోపే’ అని ఉంటుంది: రేవు, పైన్ చెట్టు, తుపాను, అన్నింటి పక్కనా ఊరి పేరు. ఆ చిత్రాలు పారిస్ ప్రదర్శనల్లో గోడకెక్కుతాయి. కొనగలిగినవాడు చిత్రం కొంటాడు. ఇంకా ఎక్కువ కొనగలిగినవాడు ఆ వెలుతురు ఎక్కడిదని అడుగుతాడు. చిరునామా కిందే రాసి ఉంది కదా! ఊరి ముందున్న అఖాతం అంచునే 1912 నుంచి టార్పెడోల కర్మాగారం కూడా ఉండేది, వందల మంది దాని మీద బతికారు. ఏ ప్రయాణికుడూ దాని కోసం టిక్కెట్టు కొనలేదు. జనాన్ని రప్పించింది గులాబి, నారింజ రంగుల సముద్రం. రచయిత్రి కొలెట్ 1920లలో అక్కడ ఇల్లు కొనుక్కుని, జనం ఎక్కువైపోయారని విసుక్కుని 1930ల చివరిలో అమ్ముకుని వెళ్లిపోయింది. అప్పటికి బార్డో పారిస్‌లో పలకా బలపం పట్టే పిల్ల.

మరి మిగిలినదేమిటి?

రేవు పక్కనే, 16వ శతాబ్దపు చిన్న ప్రార్థనాలయం ఒకటి ఉంది. ఇప్పుడది అనోన్సియాద్ మ్యూజియం. నేను వెళ్లింది అక్టోబరులో, రద్దీ తగ్గాక. (ఆ ఊరికి రైలు లేదు. వేసవిలో వెళ్లే ఒక్క దారీ గంటల తరబడి స్తంభించిపోతుంది. ఎదుటి ఒడ్డున ఉన్న సెంట్ మాక్సిమ్ నుంచి లాంచీలో పావుగంటలో దాటడమే తెలివైన పని.) లోపల సిన్యాక్, మతీస్, బొనార్, దెరాన్, మార్కే గీసిన చిత్రాలు. సిన్యాక్ చిత్రం ముందు రెండడుగుల దూరంలో నిలబడితే సముద్రం కనిపించదు. పచ్చిరంగుల చిన్న పలకలు, నేల మీద పరిచిన మొజాయిక్ ముక్కల్లా, దేనికది విడివిడిగా. ఊదా పక్కన నారింజ, దాని పక్కన లేతాకుపచ్చ. రంగులు కలపడం చిత్రకారుడి పని కాదు, చూసేవాడి కంటి పని అన్నది సిన్యాక్, స్యూరాల సిద్ధాంతం. నాలుగడుగులు వెనక్కి వేశాను. నీళ్లు కదిలాయి. ఇంకో రెండడుగులు వేసేసరికి భుజం కిటికీ దాకా వచ్చింది. తల తిప్పితే అదే రేవు, దానిలో మూడంతస్తుల తెల్లటి ఓడలు, వీపులు ఇటు తిప్పి వరుసగా.

ఆ గోడల మీదున్న ముఖ్యమైన చిత్రాల్లో ఏ ఒక్కటి వేలానికి వచ్చినా, అది ఆ ఓడల్లో ఒకదానిలోకి చేరేది. చేరలేదు. ఎందుకంటే 1922లోనే ఆన్రీ పెర్సోన్ అనే చిత్రకారుడు, సిన్యాక్ వంటివారి తోడ్పాటుతో, ఊరికి ఒక మ్యూజియం ఉండాలని పట్టుబట్టి తోటివాళ్ల దగ్గర చిత్రాలు సేకరించాడు. తరువాత జార్జ్ గ్రామోన్ అనే పారిశ్రామికవేత్త ఆ ప్రార్థనాలయాన్ని బాగు చేయించి, తన సేకరణలోని 56 కృతులు దానం చేశాడు. మ్యూజియం ఇప్పటి రూపంలో తెరుచుకున్నది 1955లో. సంవత్సరం గమనించండి. వాదిమ్ కెమెరా దిగడానికి ముందటి ఏడాది. వరద రాకముందే గట్టు వేసినట్టు. 1961 జూలైలో దొంగలు పడి 57 చిత్రాలు ఎత్తుకుపోయారు. మరుసటి ఏడాది అవి దొరికాయి, తిరిగి ఆ గోడలకే చేరాయి. అవి ఫలానా చోటువి అని కాగితం మీద రాసి ఉంది కాబట్టి.

భారతీయులకు ఈ ఊరితో ఉన్న లంకె కూడా చెప్పకుండా ఉండలేను. రేవులో కంచు విగ్రహంగా నిలబడిన సుఫ్రెన్ ఫ్రెంచి నౌకా సేనాని. 1782లో కడలూరులో హైదర్ అలీని కలిశాడు. మరుసటి ఏడాది అదే కడలూరులో ఇంగ్లిషువాళ్లు ముట్టడించిన ఫ్రెంచి సేనకు అండగా వచ్చాడు. ఆ సేనకు నాయకుడు ఎవరనుకున్నారు? బొబ్బిలి యుద్ధం కథలో మనం తిట్టుకునే బుస్సీయే, అప్పటికి ముసలివాడు. ఇంకొంచెం ముందుకు నడిస్తే జనరల్ అల్లార్ పేరున్న వీధి. 1785లో ఆ ఊళ్లోనే పుట్టి, నెపోలియన్ సైన్యంలో పని చేసి, లాహోరులో మహారాజా రంజిత్ సింగ్ కొలువులో చేరినవాడు. చంబా ఆడపడుచు బన్ను పాన్ దేయిని పెళ్లాడి, 1835లో ఆమెనూ పిల్లలనూ తెచ్చి ఆ ఊళ్లో దించి, తాను కొలువుకు తిరిగి వెళ్లిపోయాడు. 1839లో పెషావరులో చనిపోయాడు. ఆమె ఆ తరువాత దాదాపు 45 ఏళ్లు అక్కడే బతికింది. సిన్యాక్ కంటే ముందు, మతీస్ కంటే ముందు, ఆ సముద్రం వైపు చూస్తూ కూర్చున్న ఆ హిమాలయపు ఆడపిల్ల ఏమి అనుకుందో ఏ చిత్రకారుడూ గీయలేదు. ఆమె కోసం కట్టిన ఇల్లు ఇప్పుడు ఖరీదైన హోటలు.

ఇదంతా చెప్పినా, ఊరు పోయిందనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. 1980లలో ఆరు వేలకు పైగా ఉన్న జనాభా ఇప్పుడు నాలుగు వేలకు అటూ ఇటూ. వేసవిలో ఒక్క రోజుకు వచ్చే జనం దానికి ఎన్నో రెట్లు. అక్కడ పుట్టినవాళ్ల పిల్లలకు అక్కడ ఇల్లు కొనే స్తోమత లేదు. చలికాలంలో కిటికీలు మూసిన ఇళ్లే ఎక్కువ. ఈ నష్టానికి మ్యూజియం మందు కాదని ఒప్పుకుంటాను. కానీ వాళ్లు దీని నుంచి తీసే తీర్మానం, ‘కాబట్టి అక్కడికి వెళ్లడం దండగ’ అన్నది, వట్టి బద్ధకం. పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే మన యూరప్ ప్యాకేజీలూ అదే బద్ధకంతో నీస్, మొనాకోల్లో ఫొటోలు తీయించి బస్సెక్కిస్తాయి.

నన్ను ఆ ఊరికి అసలు లాగింది చిత్రాలు కూడా కాదు, ఒక కాలిబాట. ఫ్రాన్సులో 1976లో ఒక చట్టం చేశారు. సముద్రపు ఒడ్డున ఎవరి ఆస్తి ఉన్నా సరే, ఒడ్డు పొడవునా మూడు మీటర్ల వెడల్పున పాదచారికి దారి వదలాలి. పాత ఇళ్లకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కోర్టు వివాదాలూ ఉన్నాయి, అయినా సూత్రం సూత్రమే. 1986లో తీర ప్రాంత చట్టం వచ్చి ఒడ్డు నుంచి వంద మీటర్ల లోపు, ఊరు విస్తరించని చోట, కొత్త కట్టడాలను నిషేధించింది. 2006లో ఇంకో ఉత్తర్వు: సహజమైన బీచ్‌లో కనీసం 80 శాతం ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉండాలి. పక్కనున్న రమతుయెల్ పరిధిలోని పాంపెలోన్ బీచ్, అంటే ఆ ప్రసిద్ధ క్లబ్బులన్నీ ఉన్న చోటు, ఈ నిబంధనలకు తలవంచక తప్పలేదు. 2010ల చివరిలో క్లబ్బుల సంఖ్య తగ్గింది, సిమెంటు కట్టడాలు కూలాయి, వాటి స్థానంలో విప్పి తీసేయగల చెక్క నిర్మాణాలు వచ్చాయి. ప్రపంచంలోని డబ్బంతా వచ్చి కూర్చున్న చోట కూడా, డబ్బుకు ‘ఇంతవరకే’ అని గీత గీయవచ్చని దీని అర్థం. ఆ గీత గీసింది సౌందర్య దృష్టి ఉన్న మహానుభావులు కారు, గుమస్తాలు. నాకు చిత్రకారుల కంటే ఆ గుమస్తాల మీదే గౌరవం ఎక్కువ.

మనకూ 1991 నుంచి తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. ఎన్నోసార్లు సవరించుకున్నాం కూడా. అయితే మన వాదనలన్నీ ఎంత దూరంలో కట్టవచ్చు, ఎన్ని అంతస్తులు కట్టవచ్చు అన్న దగ్గరే తిరుగుతాయి. మనిషి ఎక్కడిదాకా నడవవచ్చు, వలలు ఎక్కడ ఆరబెట్టుకోవచ్చు అన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. రిసార్టు మంచిదా చెడ్డదా అని టీవీలో గంట సేపు పోట్లాడుకుంటాం, దాని ముందు ఇసుక ఎవరిదో అడగం.

ఆ బాట ఊరి కోట కింద మొదలవుతుంది. ముందు సముద్రపు ఒడ్డున శ్మశానం, వాదిమ్ అక్కడే ఉన్నాడు. తరువాత గ్రానియే అనే బీచ్, దాని తరువాత కనెబియే అఖాతం. బార్డో 1958లో కొన్న ‘లా మద్రాగ్’ ఇల్లు ఆ అఖాతం ఒడ్డునే. అక్కడి నుంచి పైన ఎత్తైన గోడలు, గోడల మీద కెమెరాలు, పైన్ చెట్ల వెనుక కనిపించీ కనిపించని కప్పులు. గోడకూ అలలకూ మధ్య, వేళ్లు పైకి తేలిన సన్నటి దారి. ఎదురుగా రబ్బరు చెప్పులతో, చేతిలో ఖాళీ బకెట్టుతో ఒక ముసలాయన వచ్చాడు. దారి ఇరుకు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన ‘బోంజూర్’ అని, గోడ వైపు కనీసం చూడకుండా, రాళ్ల మీదుగా నీళ్లలోకి దిగిపోయాడు.