పందొమ్మిదిన్నర అంగుళాల శని గారికి

మహారాజశ్రీ పందొమ్మిదిన్నర అంగుళాల చక్రం గారికి, డాలస్‌కి ఉత్తరాన ఒక కాలనీలో ఉంటూ, స్టెప్నీతో కలిపి తమరికి ఏడుసార్లు డబ్బు కట్టిన బండి యజమాని నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ నా నడుము తప్ప అందరం క్షేమం. తమరు మా వాకిట్లోనే ఉంటారు కనుక తమరి క్షేమం రోజూ కళ్ళారా చూస్తూనే ఉన్నాను. నిన్న సాయంత్రం కూడా మెత్తటి గుడ్డ పెట్టి తుడిచాను. మా ఇంట్లో వెండి సామాను ఏడాదికి ఒకసారి తోముతాం, తమరిని వారానికి ఒకసారి.

ముందు తమరి పేరు సంగతి. పందొమ్మిది సరే, ఆ అర ఎందుకని చాలా రోజులు అనుకున్నాను. జాతకంలో శని మహాదశ 19 ఏళ్ళు, ఏలినాటి శని ఏడున్నర. అందులోంచి పందొమ్మిది, ఇందులోంచి అర తీసుకుని తమరు అవతరించారని మా ఆవిడ తేల్చేసింది. టైర్ల షాపు అతను మాత్రం వేరే చెప్పాడు. కార్ల రిమ్ములో టైరు అంచు కూర్చునే చోటు 5 డిగ్రీలు వాలి ఉంటుందట. తమరి వైపు వాళ్ళకి, అంటే 17.5, 19.5, 22.5 వాళ్ళకి, అదే చోటు 15 డిగ్రీలు. ఆ అర కనపడిందంటే ఇది లారీల వంశం, కారు టైరు దీనికి ఎక్కదు అని అర్థం. అర అంగుళం కాదు అది, గోత్రం.

మన పరిచయం ఎలా జరిగిందో తమరికి గుర్తు చేయాలి. నాది ఆరు టైర్ల పిక్కప్పు. ముందు రెండు, వెనక రెండేసి చొప్పున నాలుగు. ఇక్కడి వాళ్ళు డ్యూలీ అంటారు, వన్ టన్ ట్రక్కు అని కూడా అంటారు. రెండు టన్నుల పైన మోసే బండిని వన్ టన్ అనడం ఏమిటని అడక్కండి, మన వైపు ఎకరం కూడా లేనాయన్ని జమీందారు గారూ అని పిలిచినట్టు, పాత పేరు అలా ఉండిపోయింది. దీంతో ఒక క్యాంపింగ్ ట్రైలరు లాగుతాం. 13,000 పౌండ్ల బరువు. రెండో ట్రిప్పులోనే, అమరిల్లో దాటి ఐ-40 మీద పోతుంటే, ట్రైలరు టైరు ఒకటి ఢామ్మని పేలి, పక్క రేకును చీల్చుకుని పోయింది. ట్రక్కు టైర్లు ఆరూ చెక్కుచెదరలేదు. ఇంటికొచ్చి నేను చేసిన పని ఏమిటయ్యా అంటే, ట్రక్కు టైర్లు ఆరూ మార్చడం. ఎద్దు కుంటితే దున్నకి వాత పెట్టినట్టు.

వాత చిన్నది కాదు. తమరి కోసం మొదట కార్ల టైర్ల షాపుకి వెళ్తే, మా మెషీన్ మీదకి ఇవి ఎక్కవు సార్ అన్నారు. అక్కణ్ణుంచి లారీల షాపుకి వెళ్ళాను. పద్దెనిమిది చక్రాల ట్రక్కుల మధ్య నా బండి మేకపిల్లలా నిలబడింది. కౌంటర్లో ఆయన కంప్యూటర్ చూస్తూ, మీ కంపెనీలో ఎన్ని బళ్ళు అన్నాడు. ఒకటే అన్నాను. కంపెనీ పేరు అన్నాడు. నోటికొచ్చింది మా ఇంటి పేరే. అందుకే తమరి బిల్లు మా తాతముత్తాతల పేరు మీద ఉంటుంది.

ఇక లెక్కలు. డ్రైవరు తలుపు తీస్తే అంచు మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మొత్తం బండి బరువు 14,000 పౌండ్లు దాటకూడదు, వెనక ఇరుసు మీద 9,750 దాటకూడదు అని అందులో రాసుంది. పాత టైర్లు, కంపెనీ ఇచ్చిన పదిహేడు అంగుళాలవి, వెనక నాలుగూ కలిపి 11,000 పౌండ్ల పైనే మోస్తాయి. అంటే అవే ఇరుసు కంటే గట్టివి. తమరు నాలుగూ కలిస్తే 17,000 పైమాట. ఆహా అనుకున్నాను. తమరిని ఎక్కించిన రోజు రాత్రి టార్చి పట్టుకెళ్ళి తలుపు తీసి చూశాను. 9,750. మర్నాడు పొద్దున వెలుతురులో మళ్ళీ చూశాను. 9,750. స్ప్రింగులు అవే, బ్రేకులు అవే, ఇరుసు అదే. హమాలీకి ఖరీదైన బూట్లు కొనిపెడితే ఇంకో బస్తా ఎత్తుతాడా? నడుము అదేగా.

సరే, మోసేది మోస్తున్నానా అని ట్రక్కు స్టాపులో కాటా వేయించాను. ట్రైలరు తగిలిస్తే వెనక ఇరుసు మీద ఆరు వేల చిల్లర. ట్రైలరు లేకుండా, అంటే ఏడాదిలో పదకొండున్నర నెలలు, 3,460. పదిహేడు వేలు మోసే నాలుగు టైర్ల మీద మూడు వేల నాలుగు వందల అరవై! ఇదేనా నువ్వు మోసేది? ఇందుకా నీకు ఆరు వేల డాలర్ల పైన పోసింది? ...క్షమించాలి, ఆవేశంలో నువ్వు అనేశాను. కాటా చీటీ చూసినప్పుడల్లా ఇలాగే అవుతోంది.

తమరు పనికిరాని వారని నేను అనను. ఈ రోడ్ల మీద హాట్‌షాట్ డ్రైవర్లు ఉంటారు. నా బండి లాంటి బండికే నలభై అడుగుల ట్రైలరు తగిలించి, ఒకరి పొక్లెయినూ ఇంకొకరి పైపులూ రాష్ట్రాలు దాటించి దింపుతారు. వాళ్ళకి తమరు అన్నం పెట్టే చక్రాలు. అంత బరువు మీద పక్కలు ఊగవు, తొందరగా అరగవు, అరిగినా పైన కొత్త రబ్బరు పట్టా అతికించి రీట్రెడ్ చేయించుకోవచ్చు. నాకు రీట్రెడ్ అవసరం ఈ జన్మలో రాదు. తమరి రబ్బరు అరిగేలోపు వయసు మీద పడి పగుళ్ళు వస్తాయి. పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగు అంకెలు తమరు ఏ ఏడాదిలో ఏ వారం పుట్టారో చెబుతాయి కదా, మా పిల్లల పుట్టినరోజులతో పాటు అవి కూడా ఫోన్లో పెట్టుకున్నాను.

ఇంకో బిరుదు కూడా ఉంది తమరికి. 14 ప్లై. పార్టీల్లో నేను ఈ ముక్క ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. పద్నాలుగు పొరలండీ అంటే వినేవాళ్ళ కనుబొమలు పైకి లేచేవి. తీరా చూస్తే తమరి పక్క గోడలో ఉక్కు తీగల పొర ఒకటే. టైర్లలో నూలు దారం పొరలు వేసే రోజుల లెక్క అది, అప్పటి పద్నాలుగు పొరలతో సమానమైన బలం అని అర్థం. ఇప్పటికీ పార్టీల్లో పద్నాలుగు పొరలనే చెబుతున్నాను. తమరి పరువు కోసం.

గాలి గురించి చెప్పుకోకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. కారుకి 35 పీఎస్ఐ. తమరికి పూర్తి బరువు మీద 110. ఇంట్లో ఉన్న చిన్న కంప్రెసర్ 90 దగ్గర గురకపెట్టి ఆగిపోయింది. ఖాళీ బండికి అంత అక్కర్లేదు, కాటా వేసి, టైరు కంపెనీ పట్టికలో ఆ బరువుకి ఎంత ఉందో చూసి అంతే పెట్టుకోవాలి. ఈ జ్ఞానం నాకు మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ మూడు నెలల్లో రోడ్డు మీద బాటిల్ మూత పడి ఉన్నా అది సోడాదో బీరుదో నా వెన్నెముక చెప్పేది. ఒక ఆదివారం గుడిలో ప్రసాదాల వంతు మాది. మా ఆవిడ ఇరవై లీటర్ల గిన్నెలో సాంబారు చేసి, మూతకి గుడ్డ కట్టి, వెనక సీటు కింద పెట్టింది. మా కాలనీ గేటు దగ్గర ఒక స్పీడ్ బ్రేకరు ఉంది, తమరికి తెలుసు. నేను నెమ్మదిగానే ఎక్కించాను. బండి ఎక్కింది, దిగింది, సాంబారు మాత్రం దిగలేదు. సీటు పట్టాల్లో కందిపప్పు ఎండిపోయి ఇప్పటికీ కరకరమంటుంది. ఒక ములక్కాడ ముక్క మొన్న కూడా దొరికింది.

స్పీడు సంగతి కూడా ఉంది. తమరి పక్క గోడ మీద చిన్న అక్షరం ఉంటుంది, ఎల్ అని. గంటకి 75 మైళ్ళు దాటొద్దని దాని అర్థం. ఆస్టిన్ దగ్గర టెక్సస్ 130 రోడ్డు మీద 85 దాకా పోవచ్చు, అమెరికా మొత్తంలో అంత స్పీడు లిమిట్ ఇంకెక్కడా లేదు. ఆ రోడ్డు మీద నేను 70లో పోతుంటే, స్కూలు పిల్లల్ని దింపే వ్యానులో ఒక బామ్మగారు నన్ను దాటుతూ జాలిగా చూసింది. పైగా నేను నిజంగా 70లో పోవడం లేదు. తమరు పాతవాటి కంటే అంగుళం పైన ఎత్తు కనుక మీటరు 70 చూపిస్తే అసలు స్పీడు 72 పైనే. పోలీసు ఆపితే శని దశ అని చెప్పలేను కదా.

డ్యాష్‌బోర్డు మీద గాలి తగ్గిందని చెప్పే పసుపు దీపం ఒకటి ఉంటుంది. తమరికి పాత సెన్సార్లు కుదరలేదు. ఎక్కించిన రోజు వెలిగిన ఆ దీపం ఇప్పటిదాకా ఆరలేదు, అఖండ దీపంలా వెలుగుతూనే ఉంది. మొదట్లో టెన్షన్ పడ్డాను. తరువాత అలవాటైపోయింది. అసలు కథ అక్కడే మొదలైంది.

ఈ వేసవిలో మా నాన్న వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించిన పది టైర్ల లారీ మీద నన్ను ఇంజనీరింగ్ చదివించిన మనిషి. వచ్చిన మర్నాడు తెల్లారి, జెట్‌లాగ్‌తో నిద్రపట్టక, బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. ప్రదక్షిణ అనుకున్నాను.

"ఒరేయ్, రాడ్డు ఉందా?"

రాడ్డు లేదు. మా వాడి బేస్‌బాల్ బ్యాటు ఇచ్చాను. ముందు టైరు మీద కొట్టారు. ఠంగ్. వెనక బయటిది. ఠంగ్. వంగి, బ్యాటు లోపలికి పోనిచ్చి, లోపలి దాని మీద కొట్టారు. దబ్.

"లోపలిది కూచుందిరా."

గేజి పెట్టి చూస్తే 40. లోపలి టైరుకి గాలి కొట్టడానికి వీలుగా షాపువాడు బిగించిన పొడుగు వాల్వు గొట్టం ఎక్కడో సన్నగా కారుతోంది. ఎన్నాళ్ళుగా కారుతోందో, పక్కదాని మీద భారం వేసి ఎన్ని మైళ్ళు తిరిగానో దేవుడికే తెలియాలి. నెలల తరబడి వెలుగుతున్న దీపం ఇంకెలా చెబుతుంది? ఆరు వేల డాలర్ల చక్రాల జబ్బు ముప్ఫై డాలర్ల బ్యాటు కనిపెట్టింది.

నాన్న అక్కడితో ఆగలేదు. వెనక బయటి రిమ్ములో ముఖం చూసుకుని తల దువ్వుకున్నారు, లోపలిది మామూలు ఇనుముదని వంగి చూసి, "పైన పటారం, లోన లొటారం" అన్నారు. గాలి కొట్టించి వస్తుంటే వాకిట్లోకి మలుపు తిరిగే చోట, చక్రం నెమ్మదించగానే తమరి కడుపులోంచి జల్లుమని చప్పుడు వచ్చింది.

"ఇసక పోశార్రా ఎవరో!"

"ఇసక కాదు నాన్నా, బ్యాలెన్సింగుకి. సీసం ముక్కలు అంటించే బదులు లోపల గాజు పూసలు పోస్తారు. తిరిగేటప్పుడు అవే సర్దుకుంటాయి."

"గాజులా? సీమంతం కూడా చేశావన్నమాట."

పూజ మాత్రం చేయించాను, ఆయనకి చెప్పలేదు. కొత్తగా తమరిని ఎక్కించాక గుడికి తీసుకెళ్తే, పూజారిగారు టైరుకి ఒకటి చొప్పున నాలుగు నిమ్మకాయలే తెచ్చారు. వెనక జంటల దగ్గర ఏ టైరు కింద పెట్టాలో తేలక, రెండింటి సందులో పెట్టారు. బండి కదిలింది, వెనక నిమ్మకాయలు రెండూ చితకలేదు. ఆ దోషమేదో ఆ రోజే అంటుకుందని మా ఆవిడ నమ్మకం.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను. తమరు వచ్చాక పాత టైర్లు ఆరూ, రిమ్ములతో సహా, సగం ధరకి అమ్మేశాను. కొన్నాయన డెంటన్ అవతల పశువులు పెంచుతాడు. మొన్న శనివారం నేనూ నాన్నా ఇండియన్ స్టోరు నుంచి 380 రోడ్డు మీద వస్తున్నాం. వెనక బెడ్డులో, అంటే బండి తొట్టిలో, రెండు సోనా మసూరి బస్తాలు, ఒక కరివేపాకు మొక్క. మొక్క గాలికి వాలిపోతుందని నెమ్మదిగా పోనిస్తున్నాను. ఎడమ పక్కనుంచి దుమ్ముకొట్టుకుపోయిన ఒక డ్యూలీ, బెడ్డు మీద రెండు, వెనక ట్రైలరు నిండా, మనిషెత్తు గడ్డి చుట్టలు వేసుకుని వచ్చి, హారన్ కొట్టి, చెయ్యి ఊపి, మమ్మల్ని దాటి పోయింది. గడ్డి పరకలు మా అద్దం మీద రాలాయి.

నాన్న మెడ చాచి అది కనుమరుగయ్యేదాకా చూశారు.

"లోడంటే అదిరా. ఎవరిదిరా ఆ బండి?"

"బండి ఎవరిదో నాన్నా. టైర్లు మనవే."

ఇట్లు,
తమరి గాలికి, తమరి మెరుగుకి, తమరి వాయిదాలకి బద్ధుడైన
వాకిటి పక్క విధేయుడు