కామిక్స్ చదవకపోతే సినిమాకు వెళ్లకూడదా?

2012లో వచ్చిన సూపర్‌హీరో సినిమా 'ది అవెంజర్స్' ఎండ్ టైటిల్స్ మధ్యలో ఊదారంగు ముఖం ఒకటి ఇటు తిరిగి నవ్వుతుంది. కామిక్స్ చదివినవాళ్లు అది విలన్ థానోస్ అని గుర్తుపట్టి సంబరపడ్డారు. మిగతావాళ్లకు అతనెవరో తెలియదు. ఇలాంటి చోటే కొత్త ప్రేక్షకుడికి బెరుకు మొదలవుతుంది, చదవాల్సింది చదవకుండా వచ్చేశామేమో అని. నా దృష్టిలో అది అనవసరం. ఆ నవ్వు అర్థం కాకపోయినా అప్పటిదాకా చూసిన కథకు వచ్చిన లోటేమీ లేదు.

అసలు కథ కామిక్స్‌లో భద్రంగా ఉంది, సినిమా దానికి నకలు అనుకోవడం వల్లే ఈ ఇబ్బంది. 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో కనిపించిన సూపర్‌మ్యాన్‌కు ఎగరడమే రాదు. భవనాల మీదుగా దూకేవాడంతే. గాల్లో ఎగరడం 1940ల మొదట్లో, రేడియో నాటకాలు, కార్టూన్ల కాలంలో అతనికి స్థిరపడింది. అతన్ని నీరసపరిచే క్రిప్టోనైట్‌ను జనం 1943లో ముందు రేడియోలోనే విన్నారు, కామిక్స్‌లోకి అది తర్వాత వచ్చింది. బ్యాట్‌మ్యాన్ కథల విలన్ జోకర్ వెంట తిరిగే హార్లీ క్విన్ అయితే 1992లో టీవీ కార్టూన్ సీరీస్‌లోనే పుట్టింది. పైగా కథలు పెరిగి చిక్కుపడినప్పుడల్లా ప్రచురణకర్తలే వాటిని తుడిచి మళ్లీ రాస్తుంటారు. సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ సంస్థ 1985-86లో తన ప్రపంచం చరిత్రనే మార్చేసింది. 2011లో ఏకంగా 52 పత్రికలను ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి చదివినవాళ్లు కూడా అప్పుడు కొత్తవాళ్లే కదా!

'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' (2014) విడుదలైనప్పుడు ఆ బృందం పేరు విన్న ప్రేక్షకులు బాగా తక్కువ. మాట్లాడే రకూన్, ఒకే వాక్యం పలికే చెట్టు. వినడానికి నవ్వొచ్చే సరుకే. అయినా ఆ చెట్టు తన కొమ్మలతో స్నేహితుల చుట్టూ గూడు అల్లుకునే ఘట్టంలో చాలామందికి కళ్లు చెమర్చాయి. అందుకు కావాల్సిన పరిచయమంతా ఆ రెండు గంటల్లోనే జరిగింది.

తెలియకపోవడంలో లాభం కూడా ఉంది. రెండో కెప్టెన్ అమెరికా సినిమాలో వింటర్ సోల్జర్ అనే హంతకుడి ముసుగు ఊడినప్పుడు తగిలే షాక్, 2005లోనే కామిక్స్‌లో ఆ రహస్యం చదివేసినవాళ్లకు దక్కలేదు. (ఇంకా చూడనివాళ్ల కోసం అతనెవరో ఇక్కడా చెప్పను.) చదివినవాళ్ల ఆనందం వేరు. తమ ఊహలో ఉన్నదాన్ని తెర మీద పోల్చుకోవడం, మార్పుల మీద వాదించుకోవడం వాళ్ల సరదా. అందులో తప్పేమీ లేదు, కాకపోతే దాన్ని ప్రవేశ పరీక్షగా మారిస్తేనే చికాకు.

నిజంగా కోప్పడాల్సింది ఇంకోచోట ఉంది. ఇప్పుడు కొత్త ప్రేక్షకుడిని బయట నిలబెడుతున్నవి కామిక్స్ కావు, ముందు వచ్చిన సినిమాలు, వెబ్ సీరీస్‌లు. 2022 నాటి రెండో 'డాక్టర్ స్ట్రేంజ్' సినిమాలో వాండా అనే మంత్రశక్తులున్న ఆవిడ తన పిల్లల కోసం ఎంతకైనా తెగిస్తుంది. ఆ పిల్లల కథ మాత్రం అంతకు ముందు ఏడాది ఓటీటీలో వచ్చిన 'వాండావిజన్' సీరీస్‌లో ఉంది. అది చూడనివాళ్లకు ఆమె బాధ మాటల్లో అందుతుంది గానీ మనసుకు తగలదు. టికెట్ కొన్నవాడికి హోంవర్క్ ఇవ్వడం ఇది. దీన్ని నేను రచనలోని లోపంగానే చూస్తాను.

జేమ్స్ గన్ తీసిన 2025 నాటి 'సూపర్‌మ్యాన్' ఈ విషయంలో నయం. హీరో పుట్టుపూర్వోత్తరాలతో కాలయాపన చేయకుండా, తెర మీద నాలుగు ముక్కల్లో నేపథ్యం చెప్పేసి, అతను ఓడిపోయి మంచులో వచ్చి పడిన చోట కథ ఎత్తుకుంటుంది. అతన్ని ఈడ్చుకెళ్లే కుక్క ఎక్కడిది, మిస్టర్ టెర్రిఫిక్ ఎవరు అంటూ ఆగి పాఠం చెప్పదు. వాళ్లు చేసే పనులు చూస్తుంటే ఎవరేమిటో తెలిసిపోతుంది.