హెచ్‌డీఎంఐ వైరు దొరగారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెచ్‌డీఎంఐ వైరు దొరగారి సముఖమునకు, హన్మకొండ నుంచి వ్రాయునది ఏమనగా,

మా బావ ఒక పాత మినీ బస్సు కొని, సీట్లు పీకించి, మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు పెట్టించి నడిచే ఇల్లు చేసిండు. అందులో టీవీలు రెండు. ముందు హాల్లో (హాలంటే ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు తగిలే జాగా) 43 అంగుళాల కొత్తది. వెనక మంచం కాళ్ల దిక్కు, అత్తమ్మ వదులుకోనన్న 24 అంగుళాల పాతది. సెట్‌టాప్ బాక్స్ మాత్రం ఒక్కటే. దాని బొమ్మను, మాటను వెనక టీవీ దాకా మోసే వైరు కావాలి గదా, అట్లా తమరికి మా బస్సులో కాలుపెట్టే యోగం పట్టింది.

ఈ కాలంలో బాక్సు ఎందుకు, ఫోన్లో చూడొచ్చు కదా అనేవాళ్లు మేడారం జాతరకు రాలేదన్నట్టు. ఆ జనంలో ఇంటికి ఒక్క కాల్ కలిస్తే మొక్కు తీరినట్టే. అందుకే బస్సు నెత్తిన డిష్, లోపల బాక్సు, నడుమ తమరు.

ఇక తమరి మర్యాదలు. మామూలు రాగి రకమైతే, బ్యాటరీ వైర్ల పక్క నుంచి తీసుకుపోతే అంటు. ఇన్వర్టర్ మోగగానే తెర మీద చుక్కలు చల్లుతారు. మూల దగ్గర గట్టిగా మడిస్తే అలక. రేకుకు చిల్లు కొట్టాలంటే అంచుకు రబ్బరు రింగు వెయ్యాలి, లేకపోతే బండి కుదుపులకు తమరి తోలు కోసుకుపోతుంది. వైరు సన్నమే గానీ, 19 పిన్నుల మూతి ఏ పైపులోంచీ దూరదు. కార్పెంటర్ ఆ మూతికి ఇన్సులేషన్ టేపు చుట్టి, నైలాన్ దారం కట్టి, పొయ్యి మీది అల్మారా వెనక నుంచి "లాగు... ఆగు... ఇంకింత లాగు" అంటుంటే, మా బావ అవతలి చిల్లు దగ్గర బోర్లా పడుకుని చెయ్యి చాపిండు. సొంత చెల్లెలి పెండ్లికి గూడ అంతగనం వంగలేదని మా అక్క అన్నది.

బస్సు పొడవు 22 అడుగులే. తలుపు మీది నుంచి, అల్మారా వెనక నుంచి తిరిగిపోయేసరికి 10 మీటర్లు దాటింది. అంత దూరానికి మామూలు రాగి తీగకు దమ్ము చాలదని దుకాణంలో లోపల గాజు పోగులున్న రకం అంటగట్టిండ్రు. దానికి తలా తోకా వేరట! ఒక కొస బాక్సుకే, రెండోది టీవీకే. ఆ సంగతి కొస మీదనే రాసి ఉంది. కార్పెంటర్ అది చదివింది అల్మారాకు చెక్క బిగించినంక.

తమరి వెంట వచ్చిన, ఒక్క బాక్సు బొమ్మను రెండు టీవీలకు పంచే స్ప్లిట్టర్ పెద్దమనిషి సంగతి వేరే. "నీకెంత చేతనైతది?" అని రెండు టీవీలనూ అడిగి, తక్కువ చెప్పినదాని లెక్కనే రెండింటికీ బొమ్మ పంపుతడు. అత్తమ్మ టీవీ పుణ్యాన కొత్త టీవీ గూడ మసకబారింది. పైగా పైసలు కట్టిన చానెల్‌కే, కాపీ కొడుతున్నామేమో అని తాళం పరీక్ష. వెనక టీవీ జవాబు చెప్పడం కాస్త ఆలస్యమైతే తెర నలుపు.

ఇవన్నీ గడిచినంక బయటపడ్డ రహస్యం: ఒక్క బాక్సు నుంచి వచ్చే బొమ్మ రెండు టీవీల్లోనూ ఒక్కటే. ముందు క్రికెట్, వెనక సీరియల్ అని మా బావ ఇంటిల్లిపాదికీ మాట ఇచ్చిండు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ రెండు చోట్ల కూర్చుని ఒకే సీరియల్ చూస్తున్నాం.

దానికైనా నిలబడ్డారా? జాతరలో అత్తమ్మ మోకాళ్లు గద్దెల దాకా నడవనియ్యలేదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి రావడం టీవీలోనే చూస్తానని కూర్చుంది. పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చే సమయానికి తెర మీద "నో సిగ్నల్". తాడ్వాయి అడవి దారి కుదుపులకు తమరి మూతి సగం జారి, అప్పటిదాకా ఎట్లనో వేలాడింది. డిష్ నుంచి వచ్చే నల్ల వైరుకైనా మర తిప్పి బిగించే మూతి ఉంది దొరా. 2002లో పుట్టిన తమరికి ఒక గొళ్లెం పెట్టాలని ఎవరికీ తోచలేదా? అంటే, తోచింది. 2009లో బండ్ల కోసమని గొళ్లెం ఉన్న రకం తెచ్చారు. కానీ ఆ మూతి మా టీవీ వెనక చిల్లుకు పట్టదు.

ఇక మా తీర్మానం. డిష్‌కు రెండు మూతుల ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ పట్టే బుడ్డి) పెట్టించాం. వెనక టీవీ పక్కనే రెండో బాక్సు వచ్చింది, నడుమ జానెడు వైరు. తమరిని గోడలోంచి తియ్యాలంటే చెక్కలు ఊడదియ్యాలి, కార్పెంటర్‌కు మళ్లీ కూలి ఇవ్వాలి. కాబట్టి లోపలే ఉండండి. కిరాయి అడగం.

ఇట్లు,
ముందు టీవీ రిమోట్ ఇంకా చేతికి రాని
తమరి బావమరిది