హక్కు పత్రం ఒకరి చేతిలో, నెగటివ్ మరొకరి గదిలో

హారర్ సినిమా సైకో డిస్క్ పెట్టుకుంటే మొదట తెరమీద పారమౌంట్ స్టూడియో చిహ్నమైన పర్వతం కనిపిస్తుంది, డిస్క్ అట్టమీద మాత్రం యూనివర్సల్ పేరు ఉంటుంది. 1960లో ఆ సినిమాను విడుదల చేసింది పారమౌంట్ అయినా, దర్శకుడు హిచ్‌కాక్ ఆ తర్వాత తన హక్కులను యూనివర్సల్ మాతృసంస్థ ఎంసీఏకు ఇచ్చి, బదులుగా దాని వాటాలు తీసుకున్నారు. పాత హారర్ సినిమాల హోమ్ వీడియో హక్కులు ఎవరివని ఆరా తీస్తే దొరికే సమాధానాలన్నీ ఇలాగే చేతులు మారుతూ పోతాయి. 1958లో పారమౌంట్ తన పాత టాకీలను ఎంసీఏకు అమ్మింది. 1986లో టీవీ వ్యాపారి టెడ్ టర్నర్ ఎంజీఎం స్టూడియోను కొనడంతో ఆ సంస్థ పాత సినిమాలు చివరికి వార్నర్‌కు చేరాయి. ఈ వంశవృక్షం అభిమానులకు కంఠోపాఠమే. అయితే హక్కు ఎవరిదని వాదించుకుంటూ, ఆ హక్కు పుట్టడానికి మూలమైన వస్తువు, అంటే ప్రింట్లన్నిటికీ ఆధారమైన అసలు ఫిల్మ్ (నెగటివ్), ఏ స్థితిలో ఉందో అడగడం మానేశామన్నది నా అభిప్రాయం. సినిమాను కాపాడే బాధ్యత తీసుకోనివారికి దాని మీద సర్వహక్కులు ఉండకూడదు.

ఈ చర్చలో ఎప్పుడూ ముందుకు వచ్చే ఉదాహరణ నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్. జార్జ్ రొమెరో, ఆయన మిత్రులు పిట్స్‌బర్గ్ పరిసరాల్లో సుమారు 1,14,000 డాలర్లతో తీసిన ఈ సినిమాకు మొదట నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్ అని పేరు పెట్టారు. 1968లో పంపిణీ సంస్థ పేరు మార్చి కొత్త టైటిల్ కార్డు వేసింది. పాత కార్డు మీద ఉన్న కాపీరైట్ ప్రకటన కొత్త కార్డు మీద పడలేదు. 1909 నాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేకుండా విడుదలైన రచన అప్పటికప్పుడే అందరి సొత్తు అయిపోతుంది. దాంతో వీడియో క్యాసెట్ల కాలంలో ఎవరు పడితే వారు ఈ సినిమాను అచ్చువేసి అమ్ముకున్నారు, కష్టపడి తీసినవారికి రావలసిన డబ్బు రాలేదు. ఆ అన్యాయాన్ని ఎవరూ కాదనలేరు.

ప్రేక్షకుడికి జరిగిన నష్టం గురించి మాత్రం తక్కువగా మాట్లాడతారు. చౌకరకం క్యాసెట్లు, ఆ తర్వాత వచ్చిన డీవీడీలు చాలావరకు కాపీకి కాపీ తీసి తయారైనవే. వాటిలో ముఖాలు సున్నం కొట్టిన గోడల్లా తెల్లబోయి ఉండేవి, రాత్రి సన్నివేశాల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలిసేది కాదు. ఆ సినిమా అసలు రూపంలో అంత స్పష్టంగా, అంత అందంగా ఉంటుందని ఒక తరం ప్రేక్షకులకు తెలియనే తెలియదు. 2016లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు కెమెరా నెగటివ్ నుంచి దాన్ని పునరుద్ధరించాయి. జార్జ్ లూకాస్ కుటుంబ ఫౌండేషన్ వంటి దాతలు డబ్బు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత క్రైటీరియన్ సంస్థ విడుదల చేసిన డిస్క్ ఆ పునరుద్ధరణ ఫలమే. ఎవరికీ ఏకస్వామ్యం లేని సినిమాకు ఇంత మంచి ప్రతి రావడానికి కారణం ఒక్కటే, నెగటివ్ బతికి ఉండడం.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ చూద్దాం. 1931లో రూబెన్ మమూలియన్ పారమౌంట్ కోసం తీసిన డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్, ఫ్రెడరిక్ మార్చ్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ తెచ్చిపెట్టింది. పదేళ్లకు అదే కథను మళ్లీ తీయదలచిన ఎంజీఎం పాత సినిమాను హక్కులతో, నెగటివ్‌తో సహా కొనేసి పక్కన పెట్టింది. తమ కొత్త సినిమాతో ఎవరూ పోల్చి చూడకూడదన్నది ఉద్దేశం. ఆస్కార్ గెలిచిన చిత్రం దశాబ్దాలపాటు జనానికి దాదాపు కనిపించకుండా పోయింది. ఇక్కడ హక్కు పత్రాల్లో ఒక్క లోపం కూడా లేదు. అంత పక్కాగా ఉన్న హక్కునే సినిమాను దాచిపెట్టడానికి వాడుకున్నారు.

జేమ్స్ వేల్ 1932లో తీసిన ద ఓల్డ్ డార్క్ హౌస్ సంగతి ఇంకా బాధాకరం. మూల నవల మీద యూనివర్సల్‌కు ఉన్న హక్కుల గడువు తీరిపోయింది, 1963లో కొలంబియా దాన్ని మళ్లీ తీసింది. ఆదాయం రాని పాత సినిమాను వెతకవలసిన అవసరం యూనివర్సల్‌కు కనిపించలేదు. వేల్‌తో పరిచయం ఉన్న దర్శకుడు కర్టిస్ హారింగ్టన్ పట్టుబట్టి గాలించబట్టి 1968లో ఆ సంస్థ గదుల్లోనే నెగటివ్ బయటపడింది. అప్పటికే మొదటి రీలు పాడైపోయింది. దాన్ని కాపాడడానికి ముందుకు వచ్చింది ఈస్ట్‌మన్ హౌస్ అనే మ్యూజియం. ఒక్క మనిషి మొండితనం లేకపోతే బోరిస్ కార్లాఫ్ నటించిన ఆ సినిమా ఇవాళ మనకు దక్కేదో లేదో.

ఇలాంటివి ఒకటి రెండు కావు. ఇంగ్లిష్ డ్రాక్యులా సెట్ల మీదే రాత్రిపూట తీసి 1931లో విడుదల చేసిన స్పానిష్ డ్రాక్యులాలో ఒక రీలు అమెరికాలో చెడిపోతే, మంచి ప్రతి కోసం హవానాలోని ఆర్కైవ్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. బ్రిటన్‌లోని హ్యామర్ సంస్థ తీసిన 1958 నాటి డ్రాక్యులాలో బ్రిటిష్ సెన్సార్ కోసేసిన దృశ్యాలు టోక్యోలోని జాతీయ ఫిల్మ్ సెంటర్‌లో దొరికి, 2013లో వచ్చిన బ్రిటిష్ బ్లూ రేలో చేరాయి. హక్కుదారుల గదుల్లో లేనివి ప్రజాధనంతో నడిచే సంస్థల అల్మరాల్లో దొరికాయి.

దీర్ఘకాలం ఏకస్వామ్యం ఉంటేనే స్టూడియోలు పునరుద్ధరణకు ఖర్చు పెడతాయని ఎదుటి పక్షం అంటుంది. 2012లో శతజయంతి సందర్భంగా యూనివర్సల్ డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ వంటి చిత్రాలను శ్రద్ధగా పునరుద్ధరించింది, అందుకు ఆ సంస్థను అభినందించాలి. కానీ అవి ఎప్పుడు అమ్మినా అమ్ముడుపోయే పేర్లు. చట్టం ఆలోచించవలసింది అమ్ముడుపోని సినిమాల గురించి.

అందుకే కాపీరైట్‌తోపాటు సినిమాను భద్రపరిచే సంస్థకు ఇచ్చే అప్పగింత బాధ్యత కూడా ఉండాలంటున్నాను. ఫ్రాన్స్‌లో సినిమాలను ప్రభుత్వ సంస్థకు అప్పగించే విధానం 1977 నుంచి ఉంది. మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ జాతీయ గ్రంథాలయానికి ఇవ్వాలని 1954లోనే చట్టం వచ్చింది, సినిమా నెగటివ్‌కు అలాంటి రక్షణ లేదు. సినిమాకు విడుదల తర్వాత 60 ఏళ్లపాటు హక్కు ఇచ్చే మన కాపీరైట్ చట్టం, ఆ 60 ఏళ్లూ దాన్ని భద్రంగా ఉంచమని నిర్మాతను అడగదు. రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాష్ 1921లో తీసిన భీష్మ ప్రతిజ్ఞ మీద ఇవాళ ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా డిస్క్ వేసుకోవచ్చు. వేయడానికి ఒక్క ప్రతి కూడా మిగలలేదు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. లాన్ చానీ నటించిన లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ 1927లో విడుదలైంది. తెలిసిన చివరి ప్రింట్ ఎంజీఎం గదిలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు దాని కాపీరైట్ చెక్కుచెదరకుండా కొనసాగింది. 95 ఏళ్ల గడువు ముగిసి 2023 జనవరి 1న అది అందరి సొత్తు అయింది. అందరికీ దక్కినవి కొన్ని నిశ్చల చిత్రాలు మాత్రమే.