పొలంలో దొరికిన 1818 నాణెం

‘పొలం దున్నుతుంటే దొరికింది సార్, కంపెనీ కాలం నాటిది’ అంటూ ఓ రాగి నాణెం చేతిలో పెడతారు. ఒకవైపు సీతారాములో, హనుమంతుడో. మరోవైపు ‘ఈస్టిండియా కంపెనీ, వన్ అణా, 1818’ అన్న ఇంగ్లిష్ అక్షరాలు. పుణ్యక్షేత్రాల్లో, పర్యాటక కేంద్రాల్లో ఏళ్లుగా సాగుతున్న ఈ బేరం పచ్చి మోసం.

1818లో కంపెనీకి దేశమంతటికీ ఒకే నాణెం లేదు. బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీల నాణేలు దేనికదే. అన్నిచోట్లా ఒకే తీరు నాణేలు మొదలైంది 1835లో. బ్రిటిష్ ఇండియా ఒక అణా నాణెం 1907లో గానీ రాలేదు, అదీ రాగి-నికెల్‌తో. అలాగని దేవుడి బొమ్మ ఉన్నదల్లా నకిలీ అనలేం. 1807 ప్రాంతంలో మద్రాసులో ముద్రించిన వెండి అర పగోడా (అర వరహా) నాణెంపై గోపురం, విష్ణుమూర్తి, తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలూ ఉన్నాయి. ఇలాంటి అసలువి ఉండబట్టే చదువుకున్నవాళ్లూ బోల్తా పడుతున్నారు.

కొనేముందు భూతద్దంతో చూడాలి. పోత పోసినదైతే సూదిమొనంత గుంతలు, అంచు చుట్టూ అతుకు గీత, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. నిజంగా చేతులు మారిన నాణెంలో ముందు అరిగేది ఎత్తుగా ఉన్న ముక్కు, కిరీటం. రసాయనాలతో పాతబరిచినదాని మీద నలుపు, పచ్చదనం అంతటా పూసినట్టు ఒకేలా ఉంటాయి. పోత పోయకుండా అచ్చుతో కొట్టిన నకిలీలు ఈ పరీక్షలు దాటేయొచ్చు. అప్పుడు పట్టిచ్చేది వాటి మీదున్న ఏడాదీ, విలువే.

రామటెంకిని, అంటే ఇలా దేవుడి బొమ్మ ఉన్న నాణెం లాంటి బిళ్లను, పూజలో పెట్టుకునేవారితో మాకు పేచీ లేదు. దాన్ని పూజా వస్తువుగానే అమ్మితే తప్పూ లేదు. పురాతనమని అబద్ధమాడటమే నేరం. ఆ అబద్ధమే ముదిరి ‘రైస్ పుల్లింగ్’ అయింది. బియ్యపు గింజలను లాగే మహిమ గల నాణెమంటూ తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని కుటుంబాల లక్షలు ముఠాలు మింగేశాయో పోలీసులకు తెలియనిది కాదు.

అమ్మేవాడి మాట నిజమే అనుకుందాం. భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువైన నిధి గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన పురావస్తువుల వ్యాపారానికి 1972 చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. అంటే కలెక్టరుకు తెలపకుండా, లైసెన్సు లేకుండా ఈ వ్యాపారం చేస్తే అసలైనా నేరమే, పురాతనమని చెప్పి అమ్మితే నకిలీ అయినా నేరమే. అయినా ‘అయిదొందల కోసం కేసెందుకు’ అని బాధితులను స్టేషన్ నుంచి తిప్పి పంపడం దారుణం. ఫిర్యాదు తీసుకోవాలి, సరుకు ఎక్కడ తయారవుతోందో కూపీ లాగాలి. నమూనాలు అమ్మే ప్రతి దుకాణంలోనూ వస్తువు మీదే ‘నకలు’ అని చెక్కి ఉండేలా పర్యాటక, పురావస్తు శాఖలు వెంటనే నిబంధన తేవాలి.