ఆ రాకెట్ హోరును ఎందుకు తుడిచేశారు?

పోయిన ఆదివారం నుంచి ఇది మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఈరోజు రాసేస్తున్నాను. పొడుగు పోస్ట్, ఓపికగా చదవండి.

మా నాయన తిరుపతిలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. అంతకుముందు పాకాల దగ్గర టూరింగ్ టాకీస్‌లో పనిచేశాడు. 1980ల్లో మార్నింగ్ షోకి అప్పుడప్పుడు ఇంగ్లీషు బొమ్మలు వచ్చేవి. వాటిలో ఒకటి నలుపు తెలుపు బొమ్మ, అప్పటికే ముప్పై ఏళ్ళ పాతది. కొందరు మనుషులు రాకెట్ ఎక్కి ఇంకో గ్రహానికి పోతారు. చాలా తక్కువ డబ్బుతో తీశారు. రాకెట్ లోపలి గోడలు అట్టముక్కలని మాలాంటి పిల్లలకు కూడా తెలిసిపోయేది. అయినా ఎవరూ మధ్యలో లేచిపోలేదు.

ఎందుకంటే శబ్దం. హాల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు పదిమంది ఉంటే ఎక్కువ. మాటలు మాకు అందలేదు. ఎక్కడ భయపడాలో సంగీతం చెప్పింది. రాకెట్ నడుస్తోందా, ఆగిపోయిందా అన్నది దాని హోరు చెప్పింది. ఆ హోరు సన్నబడితే చాలు, నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. మా ఊళ్ళో ఆ బొమ్మను జనం చెవులతో చూశారు.

ఇప్పుడు అదే సినిమాను బాగుచేసి కొత్తగా వదిలారు. పేరు చెప్పను. వాళ్ళను నలుగురిలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆదివారం రాత్రి మా నాయనను కూర్చోబెట్టి టీవీలో వేశాను. బొమ్మ అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు. పావుగంట గడిచింది. మా నాయన నా వైపు తిరిగి, "రాకెట్ ఆగిపోయిందేంరా?" అన్నాడు.

తెర మీద రాకెట్ వెనక మంట వస్తూనే ఉంది. హోరు లేదు. కాసేపటికి గుండెల మీద గుద్దినట్టు ఒక 'ధూం' వచ్చింది. ఈ కాలం సినిమాల్లో తలుపు వేసినా, కారు ఆగినా వచ్చే ధూం అది. 5.1 (ముందూ వెనకా చుట్టూ స్పీకర్లలోంచి వినిపించే పద్ధతి) చేశామని వెనక స్పీకర్లలోంచి గాలి తిప్పారు. రెండు చోట్ల థెరమిన్ తీసేసి కీబోర్డు పెట్టారు. థెరమిన్ అంటే 1920 ప్రాంతంలో రష్యాలో పుట్టిన వాయిద్యం. దాన్ని ముట్టుకోరు, రెండు యాంటెనాల దగ్గర గాలిలో చేతులు ఆడిస్తే పలుకుతుంది. స్వరానికి స్వరానికి మధ్య జారుతూ వణుకుతుంది, ఆ వణుకే దాని ప్రాణం. కీబోర్డు మెట్టు మెట్టుగా పోతుంది. మా నాయన ఇంటర్వెల్ దాకా కూడా ఉండలేదు, లేచి పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆయన ట్రంకుపెట్టెలోంచి ఒక క్యాసెట్ తీశాను. అప్పట్లో ఆపరేటర్ గదిలో యాంప్లిఫయర్ నుంచి వైరు లాగి టేప్‌రికార్డర్‌లో పట్టుకున్నది. ఆ బొమ్మలో ఒక అరగంట ఉంది. తీసుకెళ్ళి నా స్నేహితుడికి ఇచ్చాను. తిరుపతిలోనే చిన్న స్టూడియోలో భక్తి పాటలు మిక్సింగ్ చేస్తుంటాడు. క్యాసెట్‌నీ కొత్త సినిమానీ పక్కపక్కన పెట్టి వినిపించాడు. క్యాసెట్‌లో సొద ఉంది, గరగర ఉంది, కానీ రాకెట్ కూడా ఉంది.

ఆ హోరు ఎక్కడ పోయి ఉంటుందో ఆ స్నేహితుడే చెప్పాడు. పాత శబ్దాన్ని శుభ్రం చేసేటప్పుడు మాటలు లేని చోట ఒక ముక్క తీసి 'ఇది చెత్త' అని సాఫ్ట్‌వేర్‌కు చూపిస్తారు. అది సినిమా పొడుగునా అలాంటిదాన్ని తగ్గించుకుంటూ పోతుంది. కుటుంబ కథకైతే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. కానీ రాకెట్ హోరు కూడా ఆ సొద జాతిదే. కిందిస్థాయి నుంచి పైస్థాయి దాకా అన్నీ కలిసిన గాలి శబ్దం. డబ్బు లేనివాళ్ళు రాకెట్‌ను ఎలా వినిపిస్తారు? ఏదో ఒక హోరును రికార్డు చేసి, టేపు వేగం తగ్గించి, వెనక్కి తిప్పి పుట్టిస్తారు. ఏది టేపు సొద, ఏది రాకెట్ అన్నది మిషన్‌కు తెలియదు. కూర్చుని వినే మనిషికి తెలుస్తుంది. ఆ మనిషి వినలేదు, నా కోపమంతా అక్కడే.

శుభ్రం చేయొద్దని నేను అనడం లేదు. ఫిల్మ్ మీద బొమ్మ పక్కన సన్నటి గీతలా సౌండ్ ట్రాక్ ఉంటుంది. ప్రొజెక్టర్‌లో చిన్న బల్బు వెలుతురు దానిగుండా పోయి ఫోటోసెల్ మీద పడుతుంది, అదే శబ్దంగా మారుతుంది. దాని మీద దుమ్ము పడితే చిటపట, గీత పడితే టక్కుమంటుంది. తెగిన రీలు అతికించిన చోట 'ధబ్' మంటుంది. ఆ ధబ్ వినపడకూడదని మా నాయన అతుకు మీద నల్ల ఇంకుతో ముక్కోణం గీసేవాడు. అంటే శబ్దం బాగుచేయడం మా ఇంట్లో కొత్త పని కాదు. చిటపటలు తీయండి, అతుకుల చప్పుడు తీయండి, కరెంటు గుంయ్‌మనడం తీయండి. సినిమా తీసినవాళ్ళు పెట్టింది మాత్రం తీయొద్దు.

హెడ్‌ఫోన్‌లో సొద భరించలేం అంటారు. నిజమే. కానీ ఆనాటి హాల్లో అది అంత వినపడలేదు. తెర వెనక స్పీకర్ పైస్థాయి శబ్దాలను బాగా తగ్గించి వినిపించేది. 1930ల చివర హాలీవుడ్‌లో పెట్టుకున్న పద్ధతి అది, అకాడమీ కర్వ్ అంటారు. మిక్సింగ్ చేసేవాళ్ళు కూడా హాల్లో ఇలా వినపడుతుందని లెక్క వేసుకునే చేశారు. ఆ లెక్క పట్టించుకోకుండా ట్రాక్‌ను నేరుగా ఎక్కిస్తే సొద పైకి తేలుతుంది. అప్పుడు భయపడి మొత్తం కోసేస్తారు. ఆ పాత కర్వ్‌లోంచి వింటే సగం సొద దానంతటదే తగ్గుతుంది, రాకెట్ మిగులుతుంది.

కొత్తగా వాయిస్తే సరిపోదా అని ఒక తమ్ముడు అడిగాడు. సరిపోదు. 1956లో వచ్చిన 'ఫర్బిడెన్ ప్లానెట్'కు లూయిస్ బారన్, బెబే బారన్ అనే దంపతులు సంగీతమంతా ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో చేశారు. ఆ సర్క్యూట్లు పలుకుతూ పలుకుతూ కాలిపోయేవి. కాలిపోయాక అదే శబ్దం మళ్ళీ రాదు, టేపు మీద పడిందే మిగిలింది. అది పెద్ద స్టూడియో సినిమా. చిన్న సినిమాలకైతే కొన్నిసార్లు ఆ టేపు కూడా మిగల్లేదు, ఖర్చుకు భయపడి తుడిచి మళ్ళీ వాడుకునేవాళ్ళు.

మన దగ్గర 'ఆదిత్య 369' 1991లో వచ్చింది, 2025 ఏప్రిల్‌లో 4కేలో మళ్ళీ హాళ్ళకు వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు గారు, ఇళయరాజా గారు, పెద్ద హీరో. సంతోషం, దాన్ని అడిగేవాళ్ళున్నారు. చిన్న బడ్జెట్‌లో తీసిన మాయా మర్మాల బొమ్మలు, యంత్రమానవుల బొమ్మలు, డబ్బింగ్ బొమ్మలు ఎవరు అడుగుతారు? డబ్బింగ్ సినిమాకు ఒక మేలుంది. మాటలు లేకుండా సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రం ఉండే ట్రాక్ విడిగా చేసేవాళ్ళు. తెలుగు నెగటివ్ పోయినా తమిళం వైపు వెతికితే రీరికార్డింగ్ దొరకొచ్చు. మనకు చెన్నై మూడు నాలుగు గంటల ప్రయాణమే కదా.

బాగుచేసేవాళ్ళను అడుగుతున్నది ఒక్కటే. మీ 5.1 మీరు చేసుకోండి, పాత మోనో ట్రాక్‌ను, అంటే అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిన అప్పటి శబ్దాన్ని కూడా పక్కన ఉంచండి. వినేవాళ్ళు ఏది కావాలంటే అది పెట్టుకుంటారు.

ఇంకొక మాట. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పాత హాళ్ళు కొట్టేస్తున్నారు. ఎక్కడైనా ఆపరేటర్ గదిలో రీళ్ళు, టేపులు కనపడితే పాతసామాను వాళ్ళకు వేయకండి. డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన ఘాటుగా కొడితే ఆ రీలు కుళ్ళడం మొదలైనట్టు. దాన్ని మిగతావాటికి దూరంగా, చల్లగా, తేమ లేని చోట పెట్టండి, లేకపోతే పక్కవాటినీ పాడుచేస్తుంది. నాకు మెసేజ్ పెట్టండి. కుప్పమైనా, మదనపల్లె అయినా వస్తాను. నాయన కూడా వస్తానన్నాడు.