మాతే గొట్టం కదిపినవాడికి శిక్ష ఏది?

మాతే అనే చేదు ఆకు పానీయం తాగే గొట్టాన్ని కదిపేవాళ్ల మీద ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ చట్టం తేకపోవడం మానవజాతికే తలవంపు.

అర్జెంటీనాలో మాతే కలపడమంటే ఆషామాషీ కాదు. సొరబుర్రలో ముప్పాతిక వంతు యెర్బా ఆకు పోస్తారు. మూతి మీద అరచెయ్యి మూసి, తలకిందులు చేసి దులుపుతారు. పక్కకు వంచితే ఆకు ఓ వైపు గుట్టలా నిలుస్తుంది. పల్లంగా ఉన్నవైపు కాసిని చల్లనీళ్లు పోసి, ఆకు నానాక బొంబిల్లా అనే లోహపు గొట్టం దించుతారు. తర్వాత అక్కడే, 70-80 డిగ్రీల నీళ్లు సన్నధారగా. మరిగే నీళ్లు పోస్తే ఆకు మాడి చేదు విషమవుతుంది. అందుకే అక్కడి కరెంటు కెటిల్స్‌లో మాతే కోసం వేరే మీట ఉంటుంది. తొలి బుర్ర మరీ చేదు, దాన్ని కలిపినవాడే తాగేస్తాడు. ఆ తర్వాత అదే బుర్ర, అదే గొట్టం, వంతులవారీగా అందరికీ. మర్యాద అంటే అదీ.

ఇక మన పర్యాటక మహాశయుడు. బ్యూనస్ ఎయిరెస్‌లో పలెర్మో పార్కు, గడ్డిమీద నలుగురు స్నేహితులు, ఐదోవాడుగా ఈయన. బుర్ర చేతికి రాగానే ముందు టిష్యూతో గొట్టం మూతి తుడిచాడు. ఇచ్చినవాడి మొహం మాడింది. తర్వాత గొట్టం పట్టుకుని గిరగిరా తిప్పాడు. అంత శ్రద్ధగా కట్టిన గుట్ట కూలింది, గొట్టంలో ఆకు ఇరుక్కుంది. బుగ్గలు లోపలికి పోయేలా పీల్చినా చుక్క రాదు. రాకపోతే ఊరుకోవచ్చుగా? బుర్ర చేత్తో పట్టుకునే, ఇది అమెజాన్ అడవుల ప్రాచీన రహస్యమని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. అమెజాన్ ఎక్కడ, గ్వరనీ ఆదివాసులు ఈ ఆకు నమిలిన పరానా నదీతీరం ఎక్కడ! “అది మైకు కాదు నాయనా, తాగి ఇటివ్వు” అని అక్కడివాళ్లు ఊరికే అనరు. చివరికి మహా సంస్కారంగా “గ్రాసియాస్”, అంటే ధన్యవాదాలు, అన్నాడు. మాతే దగ్గర ఆ మాటంటే ‘ఇక నాకొద్దు’ అని. మళ్లీ బుర్ర ఆయన దాకా రాలేదు. హోటల్‌కెళ్లి, ఈ జనానికి అతిథి మర్యాద తెలీదని రాసుకున్నాడు.

1821లో పరాగ్వే నియంత ఫ్రాన్సియా, ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బోన్‌ప్లాన్‌ను పట్టించి ఏళ్లతరబడి దేశం దాటనివ్వలేదు. చేసిన నేరం? ఆ నియంత గుత్తవ్యాపారానికి పోటీగా యెర్బా తోట వేయడం. తోట వేసినవాడికే అంత శిక్ష పడితే, గొట్టం తిప్పినవాడికి ఎంత పడాలి? న్యాయకోవిదులు ఆలోచించాలి.

ఆయన్నైనా క్షమిస్తాను. ఇదే ఆకును ‘పొట్ట కరిగించే టీ’ అని అమ్మేవాళ్లను మాత్రం క్షమించను. ప్యాకెట్ మీద పచ్చటి అడవి, మంచు, ఓ పక్షి. మనిషి మాత్రం ఉండడు. ఎలా ఉంటాడు? అర్జెంటీనాలోని మిసియోనెస్ రాష్ట్రపు తోటల్లో కొమ్మలు కోసే తరెఫెరో కూలీల బొమ్మ వేస్తే ఎవడు కొంటాడు? కోసిన ఆకు కట్టిన మూట వంద కిలోల దాకా తూగుతుంది, దాన్ని వీపున మోయాలి. కూలి కిలోల లెక్క, కాపురం ప్లాస్టిక్ పట్టా కింద. 2013లో ఈ కూలీల లారీ బోల్తా పడితే చచ్చిపోయినవాళ్లలో పిల్లలున్నారు. పిల్లలండీ! ఏ ప్యాకెట్ మీద వేస్తారు వాళ్ల ఫొటో?

పచ్చాకుకు గిట్టుబాటు ధర కట్టే అధికారం జాతీయ యెర్బా మాతే సంస్థకు ఉండేది. 2023 డిసెంబరులో అధ్యక్షుడు మిలేయి ఒక్క డిక్రీతో ఆ అధికారాన్ని పీకేశాడు. పేరు స్వేచ్ఛా మార్కెట్. ధర పడిపోతోందని చిన్నరైతులు రోడ్డెక్కారు. రైతుకే గిట్టనప్పుడు కూలీకి ఏం రాలుతుంది, బూడిదా?

కడుపు వీపుకంటుకున్నవాడు కోసిన ఆకుతో వీళ్లు పొట్ట తగ్గించుకుంటారు. పైగా చేదుగా ఉందని దానికి ఒక్క స్టారు!